తెలుగు మాట ఏ ట్రాకులో ఉంది?

ఈ పత్రికలో రేడియో ప్రసంగములు చదివే మీకు ఈసారి ఒక చేతిపని సంగతి చెప్పదలచాను. ఇది ప్రసంగము కాదు గాని, ప్రసంగము వినబడుటకు సంబంధించినదే. మీ ఇండ్లలోను, మన సంఘముల బీరువాలలోను ఉన్న పాత సీడీలను, డీవీడీలను ఇప్పుడు అందరూ పెన్‌డ్రైవుల్లోకి, ఫోన్లలోకి మార్చుకొంటున్నారు. మార్చినప్పుడు బొమ్మ వచ్చిందా లేదా అని చూస్తారు. ఏ మాట వచ్చింది, ఏ మాట పోయింది అని చివరిదాకా వినేవారు చాలా తక్కువ.

అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయము చూడండి. పెంతెకొస్తు దినమున కూడివచ్చిన జనులు దేనికి కలవరపడ్డారు? అగ్నినాలుకలను చూచి అని లూకా వ్రాయలేదు. పలు దేశములనుండి వచ్చిన ఆ మనుష్యులు ఎవరికి వారు తమ సొంత భాషలో విన్నందుకే ఆశ్చర్యపడ్డారని వ్రాశాడు. సొంత భాషలో వినడమంటే అంత పెద్ద సంగతి.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములు తెలిసినవారికి ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. ఒక పక్క ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్ళు, త్యాగరాయ గానసభ. మరొక పక్క నారాయణగూడ వై.ఎం.సి.ఏ. మధ్యలో నగర కేంద్ర గ్రంథాలయము, దాని చుట్టుపక్కల వీధుల్లో పోటీ పరీక్షలకు చదువుకొనే పిల్లల హాస్టళ్ళు. ఇటువంటి చోట ఆదివారము ఒకే బెంచీ మీద కూర్చున్న నలుగురిలో ఒకరు ఇంట్లో తెలుగు, ఒకరు తమిళము, ఒకరు హిందీ మాట్లాడతారు. ఆదిలాబాదు తండానుండి గ్రూప్స్ పరీక్షకు వచ్చిన అబ్బాయికి తల్లి దగ్గర నేర్చుకొన్నది లంబాడీ భాష. గనుక ఇక్కడ ఎవరి చేతికి ఒక వీడియో ఇచ్చినా, వారు అడిగే మొదటి ప్రశ్న భాష గురించే.

అసలు వీడియో ఫైలు అంటే ఏమిటి? అది ఒకే ముద్ద అని మనము అనుకొంటాము. కాదు. అది టిఫిన్ క్యారియరు వంటిది. ఒక గిన్నెలో బొమ్మ ఉంటుంది. ఇంకొక గిన్నెలో తెలుగు శబ్దము, మరొక గిన్నెలో ఇంగ్లీషు శబ్దము, ఇంకొకదానిలో తెర కింద కనబడే అక్షరాలు ఉండవచ్చు. ఎంపీ4 అన్నా, ఎంకేవీ అన్నా అవి క్యారియరు పేర్లు మాత్రమే. లోపల ఎన్ని గిన్నెలున్నాయో ఆ పేరు చెప్పదు. ఈ శబ్దపు గిన్నెనే ట్రాక్ అంటారు. డీవీడీ వీడియోలో 8 శబ్దపు ట్రాకుల వరకు పెట్టవచ్చు. ఒక్కొక్క ట్రాకు లోపల మరల ఛానెళ్ళు ఉంటాయి. స్టీరియో అయితే ఎడమ, కుడి అని రెండు. 5.1 అయితే ఆరు. ట్రాకు వేరు, ఛానెలు వేరు. ఈ తేడా ఒక్కటి మనసులో పెట్టుకొంటే మిగిలినదంతా సులువు.

ఒకే బొమ్మకు ఇన్ని మాటలు ఎలా వస్తాయో చెప్పడానికి మనకు బాగా తెలిసిన ఉదాహరణలే ఉన్నవి. లూకా సువార్త ఆధారముగా తీసిన జీసస్ చిత్రము 1979లో విడుదలైంది. జాన్ హేమన్ నిర్మించారు, బ్రయన్ డీకన్ యేసు పాత్ర వేశారు. నేటికి అది సుమారు రెండు వేల భాషలలోకి వెళ్ళింది. ప్రతి భాషకు మరల చిత్రము తీయలేదు గదా! సంగీతము, జనసమూహపు సందడి, అలల చప్పుడు ఇవన్నీ ఒక పక్క విడిగా ఉంచుతారు. పాత్రల మాటలు మాత్రము ఆయా భాషలవారి చేత పెదవుల కదలికకు సరిపడునట్లు చెప్పించి, ఆ సందడితో కలుపుతారు. బొమ్మ ఒక్కటే, గిన్నె మాత్రము మారింది. మన కరుణామయుడు చిత్రము సంగతి దీనికి తిరుగుడు. 1978లో వచ్చిన ఆ చిత్రము మూలము తెలుగే. విజయచందర్ గారి ఆ చిత్రమును తరువాత హిందీలో దయాసాగర్‌గాను, మరి ఇతర భాషలలోను చేశారు. ఒకదానికి తెలుగు డబ్బింగు, ఇంకొకదానికి తెలుగు మూలము. డిస్కులో మొదటి ట్రాకు ఏ భాషదో చిత్రమును బట్టి ఊహించకూడదని చెప్పడానికే ఈ రెండూ ఎత్తాను.

ఇప్పుడు చిక్కు ఎక్కడ వస్తుందో చూద్దాము. నాలుగు భాషల ట్రాకులున్న డీవీడీని కన్వర్టరులో పెట్టి మీట నొక్కితే, చాలా సాఫ్ట్‌వేర్లు అడగకుండానే ఒక్క ట్రాకును తీసుకొని మిగిలిన మూడింటిని వదిలేస్తాయి. ఉచితముగా దొరికే హ్యాండ్‌బ్రేక్‌లో మనము ఏమీ మార్చకపోతే మొదటి ట్రాకు వస్తుంది. చాలా కన్వర్టర్లకు లోపల పనిచేసే యంత్రము ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. దానికి ట్రాకు చెప్పకపోతే అది మామూలుగా ఎక్కువ ఛానెళ్ళున్న దానిని ఎంచుకొంటుంది. ఇంగ్లీషు ట్రాకు 5.1లో ఉండి, తెలుగు మామూలు స్టీరియోలో ఉంటే ఏది పోతుందో మీరే చెప్పగలరు. యంత్రమునకు భాషాభిమానము లేదు, లెక్క మాత్రమే ఉంది.

డిస్కు ఇంట్లో ఉన్నంతవరకు దీనివల్ల నష్టము లేదు, మరల చేసుకోవచ్చు. కాని చాలామంది చేసేదేమిటంటే, పెన్‌డ్రైవులో బొమ్మ కనబడగానే పాత డిస్కులను చెత్తబుట్టలో వేస్తారు. అక్కడ తెలుగు మాట శాశ్వతముగా పోతుంది.

డీవీడీ కంటె వీసీడీ ఇంకా చిత్రమైనది. 2000 సంవత్సరము అటూ ఇటూగా మన ఇండ్లలోకి వచ్చినవి ఎక్కువగా వీసీడీలే. అందులో శబ్దపు ట్రాకు సాధారణముగా ఒక్కటే, రెండు ఛానెళ్ళు. అయితే రెండు భాషలు ఇవ్వాలనుకొన్నవారు ఎడమ ఛానెలులో ఒక భాష, కుడి ఛానెలులో ఇంకొక భాష పెట్టేవారు. పాటల సీడీలలో ఒక వైపు గొంతుతో, మరొక వైపు సంగీతము మాత్రమే పెట్టేవారు. ప్లేయరు రిమోటు మీద ఎడమ-కుడి మార్చే మీట ఉండేది, మీలో కొందరికి జ్ఞాపకముండవచ్చు. ఇటువంటి వీసీడీని కన్వర్టరులో మోనోగా మార్చితే రెండు భాషలు ఒకదానిమీద ఒకటి పడి బాబెలు గోపురము దగ్గరి గలిబిలి అవుతుంది. ఒక్కసారి అలా కలిసిన దానిని మరల విడదీయడము సామాన్యులకు సాధ్యము కాదు. స్టీరియోగానే ఉంచితే ఒక చెవిలో తెలుగు, ఒక చెవిలో ఇంగ్లీషు మోగుతాయి. అలాంటప్పుడు హ్యాండ్‌బ్రేక్‌లో మిక్స్‌డౌన్ అనే గడిలో మోనో ఎడమ మాత్రమే, మోనో కుడి మాత్రమే అనే రెండు ఎంపికలున్నవి. మనకు కావలసిన వైపును ఎంచుకొంటే ఆ భాష ఒక్కటే శుభ్రముగా వస్తుంది. ఆ ఒకే మూలమును ఆడియో జాబితాలో రెండుసార్లు చేర్చి, ఒకదానికి ఎడమ, ఇంకొకదానికి కుడి అని పెడితే రెండు భాషలు రెండు ట్రాకులుగా నిలుస్తాయి. నాకు తెలిసినంతలో వీసీడీకి ఇంతకంటె మంచి పద్ధతి లేదు.

అయితే మోనో ఎప్పుడూ చెడ్డదని అనుకోవద్దు. అశోక్‌నగర్‌లో ఒక సహోదరి తండ్రిగారు సభలలో తర్జుమా చేసేవారు. బయటి దేశపు దైవజనులు ఇంగ్లీషులో ఒక వాక్యము చెప్పగానే, ఈయన పక్కన నిలువబడి తెలుగులో చెప్పేవారు. ఆయన ప్రభువు పిలుపు అందుకొన్న తరువాత, ఆయన ఉన్న ఒక సభ డీవీడీని ఆమె ఒక షాపులో ఇచ్చి పెన్‌డ్రైవులోకి మార్పించుకొన్నది. ఇంటికి వచ్చి పెడితే ప్రసంగీకుడు ఒక వాక్యము పలుకుతాడు, తరువాత నిశ్శబ్దము. తండ్రి పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రము ఎక్కడో బావిలోనుండి వచ్చినట్లు సన్నగా ఉంది. నాన్నగారి మైకు ఆ రోజు పని చేయలేదేమో అని ఇంటివారందరూ అనుకొన్నారు. మైకు బాగానే పని చేసింది. ఆ సభలో సౌండ్ చూచినవారు ప్రసంగీకుని మైకును ఎడమకు, తర్జుమా చేసేవారి మైకును కుడికి పంపారు. షాపులో ప్లేయరు నుండి కంప్యూటరుకు రికార్డు చేసినప్పుడు తెల్ల పిన్ను మాత్రము పెట్టారు, ఎర్ర పిన్ను పెట్టలేదు. తెల్లది ఎడమ, ఎర్రది కుడి. కుడివైపు ఉన్న తెలుగంతా అక్కడే ఆగిపోయింది. ఆమె డిస్కును దాచుకొన్నది గనుక సరిపోయింది. డిస్కునుండి నేరుగా మార్చి, ఎడమ కుడి రెండూ కలిపి మోనో చేస్తే ఇద్దరి మాటలు నడిమధ్య నుండి సమానముగా వినబడ్డాయి. వారు ఒకరి తరువాత ఒకరు మాట్లాడారు గనుక గలిబిలి కాలేదు.

చూశారా, అదే మోనో మీట రెండు భాషల వీసీడీని పాడు చేస్తుంది, ఈ సభ డిస్కును బాగు చేసింది. ఏది నొక్కాలో నొక్కకముందు విని తెలుసుకోవాలి. మొదటి కొరింథీయులకు 14వ అధ్యాయములో పౌలు అర్థము చెప్పువాడు లేకపోతే సంఘమునకు క్షేమాభివృద్ధి కలుగదన్న భావముతో వ్రాశాడు. మన సంఘములలో తర్జుమా చేసినవారి పేర్లు పోస్టరు మీద వేయలేదు, క్యాసెట్టు అట్ట మీద వేయలేదు. వారి స్వరమైనా మిగలాలంటే ఆ కుడి ఛానెలును కాపాడవలసినదే.

వినడము ఎలాగంటారా? వీఎల్‌సీ అనే ప్లేయరు చాలు, డబ్బు కట్టనవసరము లేదు. ఫైలు గాని డిస్కు గాని తెరచి, పైన ఆడియో అనే మెనూలో ఆడియో ట్రాక్ చూడండి. ఎన్ని ట్రాకులున్నవో, ఏ భాష అని వ్రాసి ఉందో అక్కడ కనబడుతుంది. అదే మెనూలో స్టీరియో మోడ్ అనేది ఉంది, అందులో ఎడమ ఒకసారి, కుడి ఒకసారి పెట్టి వినండి. కంట్రోల్, జె అక్షరము కలిపి నొక్కితే ప్రతి ట్రాకు వివరములు, అంటే ఏ రకము, ఎన్ని ఛానెళ్ళు అన్నవి వస్తాయి. అయితే అక్కడ వ్రాసిన భాషను నమ్మి ఊరుకోవద్దు. ఇంట్లోను చిన్న స్టూడియోలలోను తయారైన డిస్కులలో భాష గుర్తు పెట్టనివి, తెలుగు ట్రాకుకు ఇంగ్లీషు అని పెట్టినవి కూడ ఉంటాయి. మొదట్లో ఒక నిమిషము, మధ్యలో ఒక నిమిషము, చివర ఒక నిమిషము చెవితో వినండి. మధ్యలో ఎందుకంటే, ముందు వచ్చే సంగీతము అన్ని ట్రాకులలో ఒకేలా ఉంటుంది, దానిని బట్టి మోసపోతాము.

తరువాత హ్యాండ్‌బ్రేక్ తెరచి ఆడియో అనే పేజీకి వెళ్ళండి. మీరు విని గుర్తుపెట్టుకొన్న తెలుగు ట్రాకును మొదటి వరుసలో పెట్టండి. చాలా ఫోన్లు, కొన్ని టీవీలు రెండవ ట్రాకు ఉన్నదని కూడ చూపించవు, మొదటిదే వాయిస్తాయి. వాట్సాప్‌లో పంపినవారికీ ఇంచుమించు అదే అనుభవము. ఇంగ్లీషు కూడ కావాలంటే దానిని రెండవ వరుసలో చేర్చండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను నేరుగా వాడే యౌవనస్థులకు ఒక చిన్న హెచ్చరిక: అది సున్నా నుండి లెక్కపెడుతుంది. మనము రెండవ ట్రాకు అనుకొనేది దానికి 1.

శబ్దము ఏ రకములో ఉండాలి అంటే, ఫోనుకైనా టీవీకైనా ఏఏసీ మంచిది. డీవీడీలలో తరచుగా ఉండే ఏసీ-3, అనగా డాల్బీ డిజిటల్, కొన్ని టీవీలలోను ఫోన్లలోను పలుకదు. బొమ్మ ఆడుతుంది, శబ్దము రాదు. పాస్‌త్రూ అనే ఎంపిక ఉన్నదానిని ఉన్నట్టే దాటిస్తుంది. భద్రపరచుకొనే ప్రతికి అది శ్రేష్ఠము, పంచిపెట్టే ప్రతికి కాదు. 5.1 ట్రాకు అయితే మాటలు ఎక్కువగా మధ్య ఛానెలులో ఉంటాయి గనుక, స్టీరియోకు మార్చిన తరువాత మాట సంగీతము కింద అణిగిపోయిందేమో ఒకసారి చూచుకోవాలి.

స్థలము చాలదని భాషను తీసివేసేవారున్నారు. లెక్క చూడండి. ఒక గంట ప్రసంగమునకు సెకనుకు 64 కిలోబిట్ల మోనో చాలు. మనము షార్ట్‌వేవ్ రేడియోలో సంవత్సరాల తరబడి విన్నది దీనికంటె చాలా తక్కువ నాణ్యమైన మోనోనే గదా! 64 చొప్పున గంటకు సుమారు 29 ఎంబీ అవుతుంది. 128 కిలోబిట్ల స్టీరియో అయితే 58 ఎంబీ. డీవీడీలోని 448 కిలోబిట్ల ఏసీ-3 అయితే సుమారు 200 ఎంబీ. అదే గంట బొమ్మ సెకనుకు 1500 కిలోబిట్లు పెడితే 675 ఎంబీ తింటుంది. కాబట్టి స్థలము తినేది బొమ్మ, మాట కాదు. తెలుగు ట్రాకు ఒకటి అదనముగా ఉంచుకొన్నందుకు 29 ఎంబీ ఎవరికీ బరువు కాదు. కీర్తనలు, క్వయరు పాటలు ఉన్నచోట మాత్రము స్టీరియోలో 160 వరకు పెట్టండి. పాటను 64కు నలిపితే తాళములు, తంబూరా ఇసుక రాలినట్లు వినబడతాయి.

ఇంకొక విచిత్రము చెప్పాలి. కొన్ని సభల రికార్డులు హెడ్‌ఫోన్‌లో చక్కగా వినబడి, ఫోను స్పీకరులో పెట్టగానే మాయమవుతాయి. పాట సన్నగా మిగిలి, ప్రసంగీకుని మాట పూర్తిగా పోవచ్చు. ఫైలు పాడైందని తీసివేయకండి. మిక్సరు నుండి వచ్చే మూడు తీగల మైకు లైనును కెమెరా స్టీరియో రంధ్రములోకి నేరుగా పెట్టినప్పుడు ఎడమవైపు ఒక అల, కుడివైపు దానికి సరిగ్గా తలక్రిందులైన అల పడుతుంది. రెండు చెవులకు విడివిడిగా వింటే తెలియదు. ఒకే స్పీకరులో కలిసినప్పుడు ఒకటి లేచేచోట ఒకటి కుంగి, రెండూ ఒకదానినొకటి కొట్టివేసుకొంటాయి. దీనికి మందు కూడ ఆ మోనో ఎడమ మాత్రమే అన్న ఎంపికే.

ఇక ముందు చేయబోయే రికార్డుల విషయము. 2020 లాక్‌డౌను కాలములో మన సంఘములలో చాలా వరకు ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేరు నేర్చుకొన్నాయి. అందులో రికార్డు చేసేటప్పుడు 6 శబ్దపు ట్రాకుల వరకు విడివిడిగా ఉంచవచ్చు. మామూలుగా అది మొదటి ట్రాకునే రికార్డు చేస్తుంది, మిగిలినవాటికి సెట్టింగులలో టిక్కు పెట్టాలి. మొదటి ట్రాకులో అంతా కలిసిన శబ్దము, రెండవ దానిలో ప్రసంగీకుని మైకు, మూడవ దానిలో తర్జుమా మైకు, నాల్గవ దానిలో క్వయరు పెట్టుకొంటే తరువాత ఎవరికి కావలసినది వారికి తీసి ఇవ్వవచ్చు. తెలుగు మాత్రమే వినాలనుకొనే అవ్వకు తెలుగు మాత్రమే, రేడియో కార్యక్రమమునకు కావలసిన ముక్క అంతవరకే. మధ్యలో కరెంటు పోయినా అంతవరకు రికార్డైనది నిలుచునట్లు ఎంకేవీలో రికార్డు చేసి, తరువాత రీమక్స్ అనే ఎంపికతో ఎంపీ4 చేసుకోండి. రీమక్స్ అంటే గిన్నెలు ముట్టుకోకుండా క్యారియరు మాత్రము మార్చడము. నాణ్యత తగ్గదు, నిమిషాలలో అయిపోతుంది.

సెమినరీలో పాత లేఖన ప్రతులను గూర్చి చదివినవారికి ఒక సంగతి తెలుసు. నకలుకు నకలు తీసేకొద్దీ తప్పులు చేరతాయి, అందుకే పండితులు పాత ప్రతి కోసము వెదకుతారు. వీడియోలోను అంతే. మార్చిన ఫైలును మరల మార్చకండి, ప్రతిసారి మూలమునుండే చేయండి. ఇంట్లో రాసిన డీవీడీల మీద ఉండే రంగు పొర కాలము గడిచేకొద్దీ చెడిపోతుంది. 2004లోనో 2005లోనో రాసిన డిస్కు ఈ సంవత్సరము చదవబడితే వచ్చే సంవత్సరము చదవబడుతుందన్న హామీ లేదు. గనుక ముందుగా డిస్కు మొత్తమును ఐఎస్ఓ అనే ఒకే ఫైలుగా హార్డ్‌డిస్కులోకి దించండి, ఇంకొక చోట ఇంకొక ప్రతి ఉంచండి, ఆ తరువాత ట్రాకుల సంగతి నిదానముగా చూచుకోండి. ఇదంతా మన సొంత సభలు, మనకు హక్కు ఉన్న రికార్డుల గురించి చెబుతున్నాను. అమ్మకపు సినిమా డిస్కులకు తాళము వేసి ఉంటుంది, హ్యాండ్‌బ్రేక్ వాటిని తెరవదు. పరిచర్యలవారి చిత్రములు కావాలంటే వారినే అడగండి, చాలా వరకు తామే ఇస్తారు.

చివరిగా గుర్తులు. ట్రాకులకు భాష గుర్తు పెట్టడానికి, ఏ ట్రాకు ముందుగా మోగాలో నిర్ణయించడానికి, అక్కరలేని దానిని తీసివేయడానికి ఎంకేవీటూల్‌నిక్స్ అనే మరొక ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. తెలుగుకు అంతర్జాతీయ గుర్తు టి, ఇ, ఎల్ అనే మూడు అక్షరములు. ఆ గుర్తు ఉంటే తరువాత ఏ కన్వర్టరుకైనా తెలుగును ముందు తీసుకో అని ఒక్కసారి చెప్పి ఊరుకోవచ్చు. జీసస్ చిత్రము లంబాడీలో కూడ ఉంది. అటువంటి భాషల పేర్లు కొన్ని సాఫ్ట్‌వేర్ల జాబితాలో కనబడవు. అప్పుడు ట్రాక్ పేరు అనే గడి వాడుకోండి. అందులో లంబాడీ అని తెలుగు అక్షరములతోనే టైపు చేయవచ్చు. హాస్టలులో ఆ అబ్బాయి వీఎల్‌సీలో ఆడియో మెనూ తెరచినప్పుడు ఆ పేరు అక్కడే కనబడుతుంది.